కేబుల్ పెట్టినా ఇంటర్నెట్ రావడం లేదా? తీగ దగ్గర మొదలుపెట్టండి

డెస్క్‌టాప్‌కు నెట్‌వర్క్ కేబుల్ పెట్టే ఉంది. నిన్నటిదాకా బాగానే నడిచింది. ఇవాళ తెర కింది మూలలో భూగోళం బొమ్మ కనిపిస్తోంది, ఏ పేజీ తెరుచుకోవడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది నేరుగా సెట్టింగ్స్‌లోకి దూరి కంటికి కనిపించినదల్లా మార్చేస్తారు. దాంతో అసలు లోపానికి తోడు మరో రెండు కొత్త లోపాలు చేరతాయి. వైర్డ్ కనెక్షన్‌లో ఉన్న సుఖం ఏమిటంటే, దారి మొత్తం మన కళ్ల ముందే ఉంటుంది: కంప్యూటర్, తీగ, రౌటర్, అక్కడి నుంచి బయటి ప్రపంచం. ఎక్కడిదాకా బాగుందో, ఎక్కడ తెగిందో వరుసగా చూసుకుంటూ పోతే చాలు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. అది పనిచేయకపోతే వెనక్కి మార్చి, ఆ తర్వాతే ముందుకు కదలండి.

1. లోపం మీ కంప్యూటర్‌దేనా?

ఫోనులో మొబైల్ డేటా ఆపేసి, అదే రౌటర్ వైఫైకి కలిపి ఏదైనా పేజీ తెరవండి. ఫోనులోనూ రాకపోతే మీ డెస్క్‌టాప్ తప్పేమీ లేదు. మోడెమ్, రౌటర్ రెండింటి కరెంటూ తీసి, అర నిమిషం ఆగి, ముందు మోడెమ్‌ను, దాని లైట్లు కుదురుకున్నాక రౌటర్‌ను ఆన్ చేయండి. ఫైబర్ కనెక్షన్ ఉన్నవారు మోడెమ్ మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు చూడండి. అది ఎర్రగా వెలుగుతుంటే బయటి నుంచి సిగ్నలే రావడం లేదని అర్థం. ఫైబర్ తీగ ఎక్కడైనా మడత పడిందేమో, పిన్ను వదులుగా ఉందేమో ఒకసారి చూసి, సర్వీసు ఇచ్చేవారికి ఫోను చేయడం తప్ప మీరు చేయగలిగింది లేదు.

ఫోనులో వస్తోందంటే వెతకాల్సింది మీ గదిలోనే.

2. పోర్టు పక్కన లైట్లు చూడండి

కంప్యూటర్ ఆన్‌లో ఉండగానే క్యాబినెట్ వెనక్కి వంగి, కేబుల్ దూరిన చోట చూడండి. చాలా పోర్టులకు రెండు చిన్న లైట్లు ఉంటాయి. సాధారణంగా ఒకటి అవతలి పరికరంతో సంబంధం కుదిరిందని నిలకడగా వెలుగుతుంది, రెండోది సమాచారం కదిలినప్పుడల్లా మిణుకుమంటుంది. రంగుల అర్థం తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి పసుపా పచ్చా అని బెంగపడకండి, వెలుగుతోందా లేదా అన్నదే ముఖ్యం. రౌటర్ వైపు కూడా అదే పోర్టు లైటు చూడండి.

రెండు చివరలా చీకటిగా ఉంటే లోపం తీగలోనో, పోర్టులోనో, కంప్యూటర్‌లో ఆ పోర్టును నడిపే నెట్‌వర్క్ కార్డులోనో ఉంది. విండోస్‌లో ఏ సెట్టింగ్ మార్చినా చచ్చిన తీగ బతకదు. లైట్లు వెలుగుతుంటే మూడో మెట్టు ప్రస్తుతానికి దాటేసి నాలుగుకు వెళ్లవచ్చు.

3. తీగ సంగతి తేల్చండి

కేబుల్‌ను రెండు వైపులా బయటికి తీసి మళ్లీ గుచ్చండి. టక్కుమని చప్పుడు రావాలి. ఆ చప్పుడు చేసేది పిన్ను వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ నాలుక. కేబుల్స్‌లో ముందుగా విరిగేది అదే. అది లేని కేబుల్ చూడ్డానికి లోపలే ఉన్నట్టుంటుంది గానీ, బల్ల కాస్త కదిలితే ఒక వెంట్రుకవాసి వెనక్కి జరుగుతుంది, కనెక్షన్ పోతుంది.

పిన్నును వెలుతురులో పెట్టి చూడండి. పారదర్శకమైన ప్లాస్టిక్‌లోంచి ఎనిమిది రంగుల తీగలు, వాటి కొసన ఎనిమిది బంగారు రంగు పలకలు కనిపిస్తాయి. ఏ తీగైనా కొసదాకా రాకుండా మధ్యలోనే ఆగిందా, పలక నల్లబడిందా, లోపలికి నొక్కుకుపోయిందా చూడండి. తర్వాత తీగ పొడవునా చేయి పోనివ్వండి. తలుపు సందులో, కుర్చీ చక్రం కింద, గోడ మూలలో నలిగిన చోటు చేతికే తెలుస్తుంది.

కంటితో తేలకపోతే మార్చి చూడటమే మార్గం. ముందు రౌటర్‌లో పక్క పోర్టుకు మార్చండి. అయితే విడిగా, చాలావరకు వేరే రంగులో ఉండే వ్యాన్ పోర్టులో మాత్రం పెట్టకండి, అది మోడెమ్ నుంచి వచ్చే తీగ కోసం. తర్వాత బాగా పనిచేస్తున్న మరో కేబుల్ వేసి చూడండి. మధ్యలో గోడకున్న నెట్‌వర్క్ సాకెట్టో, ఒక కేబుల్‌ను పలు పోర్టులకు పంచే నెట్‌వర్క్ స్విచ్ పెట్టెనో ఉంటే వాటిని తప్పించి నేరుగా రౌటర్‌కే కలపండి. అదే కేబుల్‌ను ఒక ల్యాప్‌టాప్‌కు పెట్టి చూస్తే ఇంకా తొందరగా తేలుతుంది: అక్కడ వస్తే తీగ మంచిదే, మీ కంప్యూటర్ పోర్టునే అనుమానించాలి.

తీగ సగం పాడవడం కూడా ఉంది. 100 మెగాబిట్ల వేగానికి 1, 2, 3, 6 పిన్నుల్లోని రెండు జతలు చాలు. గిగాబిట్‌కు, అంటే 1000 మెగాబిట్లకు, నాలుగు జతలూ కావాలి. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా ఇంటర్నెట్ రావచ్చు గానీ, వేగం 100 దగ్గర ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ (కేబుల్ కనెక్షన్‌కు అక్కడున్న పేరు) వివరాల్లో లింక్ స్పీడ్ చూడండి. రౌటర్, కంప్యూటర్ రెండూ గిగాబిట్‌వే అయినా అక్కడ 100 అని ఉంటే, సర్వీసు ఇచ్చేవారిని తిట్టే ముందు కేబుల్ మార్చండి. ఒకే ముక్కగా 100 మీటర్లకు మించి కేబుల్ లాగకూడదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

4. కంప్యూటర్‌కు కార్డు కనిపిస్తోందా?

ఇక్కడి నుంచి వచ్చే ఆదేశాలను పలికే తీరులో రాస్తున్నాను, మీరు టైప్ చేయాల్సింది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో. ఖాళీ అన్న చోట స్పేస్ మీట నొక్కండి.

విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొట్టండి. ఈథర్నెట్ బొమ్మ బూడిద రంగులో ఉంటే ఎవరో దాన్ని డిసేబుల్ చేశారు. కుడి క్లిక్ చేసి ఎనేబుల్ నొక్కండి. ఎర్ర గుర్తు ఉంటే తీగ తగల్లేదని అర్థం, మళ్లీ మూడో మెట్టుకు వెళ్లాలి. అసలు బొమ్మే లేకపోతే డివైస్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద చూడండి. పసుపు త్రికోణం ఉంటే డ్రైవర్ సమస్య, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌లో లోపం. ఆ పేరు మీద కుడి క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ డివైస్ నొక్కి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే విండోస్ చాలాసార్లు తానే మళ్లీ పెట్టుకుంటుంది. డ్రైవర్ ఫైలును కూడా తొలగించమనే గడికి టిక్కు పెట్టకండి, మళ్లీ పెట్టుకోవడానికి అదే కావాలి.

కొత్త డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. ఈ చిక్కుకు ఫోనే మందు: ఛార్జింగ్ తీగతో కంప్యూటర్‌కు కలిపి ఫోను ఇంటర్నెట్‌ను తీగ ద్వారా పంచే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, మదర్‌బోర్డు తయారీదారు సైటు నుంచి దించుకోండి.

డివైస్ మేనేజర్‌లోనూ కార్డు కనిపించకపోతే రెండు పనులు మిగిలాయి. ఒకటి, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్) ఆన్‌బోర్డ్ ల్యాన్, అంటే మదర్‌బోర్డు మీది నెట్‌వర్క్ చిప్, ఆపేసి ఉందేమో చూడటం. రెండు, కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, వెనక కరెంటు తీగ పూర్తిగా పీకి, పవర్ బటన్‌ను పావు నిమిషం నొక్కి ఉంచి, మళ్లీ ఆన్ చేయడం. షట్‌డౌన్ చేసినా నెట్‌వర్క్ చిప్‌కు కాస్త కరెంటు అందుతూనే ఉంటుంది, అందుకే మొండికేసిన చిప్ మామూలు రీస్టార్ట్‌కు దారికి రాదు. చూడ్డానికి మంత్రంలా ఉంటుంది గానీ, కొన్నిసార్లు నిజంగానే పనిచేస్తుంది.

5. అడ్రస్ అందిందా?

ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. లినక్స్‌లో అయితే ఐపీ, ఖాళీ, ఏ. ఈథర్నెట్ కింద ఐపీవీ4 అడ్రస్ చదవండి, నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్‌ను గుర్తించే అంకెలు అవే. 192.168తోనో 10తోనో మొదలైతే సాధారణంగా రౌటర్ అడ్రస్ ఇచ్చినట్టే. 169.254తో మొదలైతే మాత్రం, అడిగి అడిగి జవాబు రాక కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్న అడ్రస్ అది. దాంతో ఇంటర్నెట్‌లోకి వెళ్లడం కుదరదు.

అప్పుడు ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్ రిలీజ్ అని, తర్వాత ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్ రెన్యూ అని కొట్టండి. ఫలితం లేకపోతే రౌటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. అడ్రస్ మామూలుగానే కనిపిస్తున్నా అది పాత రౌటర్ నాటిది కావచ్చు. ఎప్పుడో చేత్తో రాసిన అడ్రస్ అలాగే మిగిలిపోయిన కంప్యూటర్లు ఎన్నో. ఈథర్నెట్ సెట్టింగ్స్‌లో ఐపీ అసైన్‌మెంట్‌ను ఆటోమేటిక్‌కు మార్చండి. ఆఫీసు కంప్యూటర్ అయితే మార్చే ముందు అక్కడి నెట్‌వర్క్ చూసేవారిని అడగండి, వాళ్లు కావాలనే అలా పెట్టి ఉండవచ్చు.

6. పింగ్‌తో దారి కొలవండి

పింగ్ అంటే అవతలి పరికరాన్ని పిలిచి జవాబు వస్తుందో లేదో చూడటం. ఐపీకాన్ఫిగ్ చూపించిన డిఫాల్ట్ గేట్‌వే అంకెలు రాసుకోండి. అదే మీ రౌటర్. పింగ్, ఖాళీ, ఆ అంకెలు కొట్టండి. రిప్లై వస్తే రౌటర్ దాకా దారి బాగుంది. రాకపోతే తీగ, అడ్రస్ మళ్లీ చూడాలి. తర్వాత 8.8.8.8కు పింగ్ చేయండి. ఇది గూగుల్ నడిపే సర్వరు. రౌటర్ పలికి ఇది పలకకపోతే లోపం సాధారణంగా రౌటర్‌కు అవతలే ఉంటుంది. అంకెలకు పలికి, సైటు పేరుతో పింగ్ చేస్తే పలకకపోతే డీఎన్ఎస్ సమస్య, అంటే సైటు పేరును అంకెలుగా మార్చే ఏర్పాటులో లోపం. ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ కొట్టండి, అయినా రాకపోతే డీఎన్ఎస్‌ను 1.1.1.1కో 8.8.8.8కో మార్చి చూడండి.

127.0.0.1కు పింగ్ చేయమని చాలా చోట్ల చెబుతారు. అది కంప్యూటర్ తనను తానే పిలుచుకోవడం. కేబుల్ పీకేసినా జవాబు వస్తుంది కాబట్టి ఇక్కడ దాంతో పెద్దగా తేలేదేమీ లేదు.

పింగ్‌లన్నీ పలుకుతున్నా బ్రౌజర్ మాత్రం మొరాయిస్తుంటే ప్రాక్సీ (బ్రౌజర్‌ను మధ్యలో మరో సర్వరు మీదుగా పంపే) సెట్టింగ్, తీసేసినా ఆనవాళ్లు మిగిల్చిన వీపీఎన్, యాంటీవైరస్ ఫైర్‌వాల్, కంప్యూటర్ తేదీ చూడండి. తేదీ తప్పితే భద్రమైన సైట్లు తెరుచుకోవు.

7. వచ్చి పోతూ ఉంటే

పూర్తిగా రాకపోవడం కంటే ఇది ఎక్కువ విసిగిస్తుంది. పింగ్, ఖాళీ, గేట్‌వే అంకెలు, ఖాళీ, మైనస్ టీ అని కొడితే వరుసగా జవాబులు వస్తూనే ఉంటాయి. తెర చూస్తూ కేబుల్‌ను రెండు కొసల దగ్గరా మెల్లగా కదిపి చూడండి. కదిపిన క్షణమే రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని పడితే దొంగ దొరికినట్టే. కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఆగుతుంది. కదిపినా ఏమీ కాకపోతే డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చనే టిక్కు తీసేయండి.

8. అప్పటికీ రాకపోతే

విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంది. కార్డులన్నింటినీ తీసి మళ్లీ పెడుతుంది. దాంతో దాచుకున్న వైఫై పాస్‌వర్డులు, చేత్తో పెట్టిన అడ్రసులు పోతాయి, వీపీఎన్ మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. అందుకే దీన్ని చివరికి ఉంచాను, నొక్కే ముందు అవన్నీ రాసి పెట్టుకోండి.

రీసెట్ తర్వాత కూడా పోర్టులో లైటు లేదు, అదే కేబుల్ ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోంది అంటే ఆ పోర్టు పోయినట్టే. మదర్‌బోర్డు మార్చనక్కర్లేదు. యూఎస్‌బీకి గుచ్చే ఈథర్నెట్ అడాప్టర్ కొనండి. గిగాబిట్ వేగం కావాలంటే యూఎస్‌బీ 3 రకం తీసుకుని, క్యాబినెట్‌లో కూడా యూఎస్‌బీ 3 పోర్టులోనే పెట్టండి.