నెల తక్కువ బిడ్డకు పాలు పట్టే ముందు

ములుగు, భూపాలపల్లి నుంచి వరంగల్ దాకా వచ్చి, బిడ్డను ఐసీయూలో పెట్టి బయట కూర్చున్న తల్లుల కోసం ఇది రాస్తున్నా.

• గాజులు, ఉంగరాలు తీసి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి.

• మొదట్లో ముర్రుపాలు నాలుగు చుక్కలే వస్తాయి. పాలు పడలేదని ఇంట్లో ఎవరన్నా అంటే టెన్షన్ పడొద్దు. ఆ చిన్న కడుపుకు ఆ చుక్కలే బంగారం, ఒక్కటీ పారబోయొద్దు. రోజుకు 8 సార్లు, రాత్రి కూడా పిండుతుంటేనే పాలు పెరుగుతాయి.

• మరిగించిన గిన్నెలోనే పిండి, పేరు, తేదీ, టైం రాయండి. ఫ్రిజ్‌లో 24 గంటలు, బయట 4 గంటలు. మన ఎండాకాలంలో ఆ 4 గంటలు కూడా నమ్మొద్దు.

• చల్లటి పాల గిన్నెను గోరువెచ్చని నీళ్లలో పెట్టండి. పొయ్యి, మైక్రోవేవ్ వద్దు.

• పక్క బెడ్ అక్క ప్రేమతో ఇచ్చినా ఆ పాలు నేరుగా పట్టొద్దు. పాల బ్యాంకులో దాతకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచుతారు. మీ పాలు చాలనప్పుడు డాక్టర్ రాసేది అవే.

• కడుపులో సుమారు 34 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డకు పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం ఒకేసారి కుదరవు. ట్యూబా, ఉగ్గుగిన్నా, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది సిస్టర్ చెప్పినట్టే. తేనె నాకించొద్దు.

• పొట్ట ఉబ్బినా, ఆకుపచ్చగా కక్కినా పాలు ఆపి వెంటనే సిస్టర్‌ను పిలవండి.