యుద్ధ విమానాల గేమ్‌లోకి తేలికపాటి పరిశీలక విమానాన్ని చేర్చడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమాన పోరాట గేమ్‌లో, గంటకు 140 కిలోమీటర్లకు మించి పోలేని, తుపాకీ కూడా లేని ఒక చిన్న విమానాన్ని చేర్చాలనుకునేవారు త్రీడీ నమూనాతో పని మొదలుపెట్టకూడదు. ముందుగా ఆ విమానం చేసే పనికి గేమ్‌లో చోటు కల్పించాలి. పరిశీలక విమానం పని చూడటం, చూసినదాన్ని వెనక ఉన్న ఫిరంగి దళానికి రేడియోలో చెప్పడం. శత్రు విమానాలను కూల్చిన లెక్కకే పాయింట్లిచ్చే గేమ్‌లో దాన్ని ఎంత అందంగా నిర్మించినా, అది ఎదుటివారికి సులువుగా దొరికే వేటగానే మిగిలిపోతుంది. ఆటగాళ్లు రెండు రోజులు ముచ్చటపడి ఆ తరువాత దాని జోలికి పోరు. వరంగల్, కరీంనగర్ కాలేజీల్లో గేమ్ తయారీ నేర్చుకుంటున్న విద్యార్థులు ఈ ప్రయత్నం చేస్తే బాగుంటుందని నా కోరిక. చిన్న బృందం పూర్తి చేయగలిగిన పని ఇది, పైగా పెద్ద గేమ్‌లు నిర్లక్ష్యం చేసిన పని.

ముందు పని, తరువాత విమానం

ఫిరంగి గురిని సరిచేసే పద్ధతిని మొదట రాసుకోండి. పరిశీలకుడు మ్యాపు గడుల సంఖ్యతో లక్ష్యం ఎక్కడుందో చెబుతాడు. ఒక ఫిరంగి ఒక గుండు కాలుస్తుంది. అది లక్ష్యానికి ఎడమగా, లక్ష్యం చేరకుండా ఇవతలే పడిందనుకుందాం. పరిశీలకుడు ‘కుడికి 150, పెంచు 400’ అంటాడు. రెండో గుండు లక్ష్యం దాటి పడితే ‘తగ్గించు 200’ అంటాడు. ఇలా లక్ష్యాన్ని రెండు గుండ్ల మధ్య ఇరికించి, ఆ దూరాన్ని ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ పోయి, చివరకు అన్ని ఫిరంగులనూ ఒకేసారి కాల్చమంటాడు. గేమ్‌లో దీనికి ఒక చిన్న రేడియో పట్టిక చాలు: ఎడమ లేదా కుడి, పెంచు లేదా తగ్గించు, మీటర్లు. ఈ దిశలను ఫిరంగి నుంచి లక్ష్యానికి గీసిన గీత వెంబడి లెక్కించాలి, విమానం ముఖం ఎటు ఉందో దాన్నిబట్టి కాదు. ఆ గీతను ఆటగాడి మ్యాపు మీద పెన్సిల్ గీతలా చూపించండి. లేకపోతే కొత్తవారు మొదటి మలుపులోనే దిక్కు తప్పుతారు.

బ్రిటిష్ 25 పౌండర్ ఫిరంగి సుమారు 12 కిలోమీటర్ల దూరం కాల్చగలిగేది. కాబట్టి గుండు గాలిలో ఉండే సమయాన్ని తప్పక లెక్కలోకి తీసుకోండి. దూరాన్నిబట్టి అది ఇరవై, ముప్పై సెకన్లు కావచ్చు. ఈ పాత్రలోని ఉత్కంఠ అంతా ఆ ఎదురుచూపులోనే ఉంది. గుండు పడే క్షణానికి లక్ష్యం రెక్క చాటుకు పోకుండా విమానాన్ని తిప్పుకోవాలి, అదే సమయంలో ఆకాశంలో వెనకవైపు ఎవరైనా వస్తున్నారేమో కనిపెట్టుకొని ఉండాలి.

ఇంతకన్నా ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. పరిశీలక విమానం గాలిలో కనిపిస్తే శత్రు ఫిరంగులు తరచు మౌనం వహించేవి, ఎందుకంటే కాల్చిన మరుక్షణం వాటి జాడ బయటపడేది. కంప్యూటర్ నడిపే ఫిరంగులకు ఈ భయాన్ని నేర్పండి: నాలుగైదు కిలోమీటర్ల లోపల పరిశీలక విమానం ఉన్నంతసేపు అవి కాల్పులు ఆపాలి లేదా బాగా తగ్గించాలి, అలా ఆగిన ప్రతి నిమిషానికీ ఆటగాడికి పాయింట్లు రావాలి. అప్పుడు ఒక్క గుండు కూడా కాల్పించకుండా, కేవలం గాలిలో ఉండటంతోనే తన సైన్యాన్ని కాపాడిన ఆటగాడికి తగిన గుర్తింపు దక్కుతుంది.

ఎగిరే చోటు కూడా నిజానికి దగ్గరగా ఉండాలి. 1941 నుంచి ఏర్పడిన బ్రిటిష్ ఎయిర్ అబ్జర్వేషన్ పోస్ట్ స్క్వాడ్రన్లలో విమానం నడిపినవారు ఫిరంగి దళపు అధికారులే. వారు శత్రువు నెత్తిన చక్కర్లు కొట్టేవారు కాదు. తమ సైన్యం ఉన్న వైపునే తక్కువ ఎత్తులో ఉండి, గుండు పడే సమయానికి కాస్త పైకి లేచి చూసి, మళ్లీ దిగిపోయేవారు. మిషన్లను ఈ లయకు తగినట్లు రూపొందించండి.

కంటికి ఏది ఆనాలి

గేమ్‌లో చూపు లెక్క తప్పితే మిగతాదంతా వృథా. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద 90 డిగ్రీల దృశ్యం చూపిస్తే, కిలోమీటరు దూరంలో నిలబడిన మనిషి తెర మధ్యలో రెండు పిక్సెళ్ల ఎత్తు కూడా ఉండడు. ఆరు మీటర్ల లారీ పొడవు ఆరు పిక్సెళ్లు ఉంటుంది. అదే దృశ్యాన్ని 30 డిగ్రీలకు కుదిస్తే మనిషి ఆరు పిక్సెళ్లవుతాడు. అందుకే బైనాక్యులర్ అలంకారం కాదు, అవసరం. అయితే దానిలోంచి చూసేటప్పుడు చిత్రం వణకాలి, చుట్టూ ఉన్న ఆకాశం కనబడకూడదు.

ఈ అంకెలను కాగితం మీదే నమ్మకుండా, హనుమకొండలో పద్మాక్షి గుట్ట ఎక్కి ఒక సాయంత్రం చుట్టూ చూడండి. కదలకుండా నిలబడిన మనిషి పొదలో కలిసిపోతాడు, నడిస్తే వెంటనే దొరుకుతాడు. మట్టిబాట మీద ఆటో వస్తుంటే ముందు దుమ్ము కనబడుతుంది, ఆటో తరువాత. చెరువు నీటి మెరుపు ముందు ఏ నల్లటి ఆకారమైనా కొట్టొచ్చినట్లు తెలుస్తుంది. గేమ్‌లో వాహనాన్ని పెద్దది చేసి చూపడం కన్నా దాని దుమ్మును, నీడను, టైర్ల జాడను, తుపాకీ మెరుపును సరిగా చూపడం మేలు. నేల తడిగా ఉంటే దుమ్ము లేవకూడదు. మిషన్‌లోని నెలను బట్టి ఇది మారాలి. 1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లో పోరాటం జరిగిన మధ్య బర్మాలోని మెయిక్తిలా ప్రాంతం ఎండు మెట్టభూమి. దాన్ని నిర్మించేవారికి మన వేసవి నేలలు మంచి పాఠం చెబుతాయి.

ఏ విమానంతో మొదలుపెట్టాలి

అమెరికన్ పైపర్ ఎల్-4తో మొదలుపెట్టండి. 65 హార్స్‌పవర్ ఇంజిను, కోణం మారని ప్రొపెల్లరు, లోపలికి ముడవని చక్రాలు; నెమ్మదిగా ఎగరడానికి రెక్క వెనక అంచున దించే ఫ్లాపులు అసలే లేవు. 1942 నుంచి అమెరికన్ ఫిరంగి బెటాలియన్లకు రెండేసి చొప్పున ఇలాంటి విమానాలిచ్చారు, కాబట్టి చరిత్రకు కూడా సరిపోతుంది. బర్మా మిషన్ల కోసం అయితే బ్రిటిష్ ఆస్టర్‌ను ఎంచుకోవచ్చు; 1943లో భారతదేశానికి వచ్చిన 656 స్క్వాడ్రన్ బ్రిటిష్ పద్నాలుగో సైన్యం కోసం దాన్నే నడిపింది. జర్మన్ స్టార్క్ అందరినీ ఆకర్షిస్తుంది కాని, రెక్క ముందంచున గాలి దూరే సందులు (స్లాట్లు), వెనక పెద్ద ఫ్లాపులు, పొడవాటి కాళ్లు ఉన్న ఆ విమానాన్ని రెండో ప్రయత్నానికి దాచుకోవడం మంచిది.

ఎల్-4లో ఒక చిన్న వస్తువును మాత్రం వదలకండి. దాని పెట్రోలు ట్యాంకు పైలట్ అద్దానికి ముందు, ఇంజిను వెనక ఉంటుంది. ట్యాంకు మూతలోంచి ఒక సన్నని తీగ బయటకు పొడుచుకొని ఉంటుంది. లోపల ఆ తీగకు ఒక బెండు తగిలించి ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ తీగ లోపలికి దిగుతుంది. పెట్రోలు మీటరు అదే. దాన్ని కుదుపులకు ఊగేలా కదిలించి, ట్యాంకు పరిమాణం 45 లీటర్లుగా పెట్టి, తెర మీది అంకెను తీసేయండి. ఆటగాడు తీగను చూసి ఇంటిదారి పట్టడం నేర్చుకుంటాడు.

నెమ్మదితనాన్ని నిర్మించడం

ఎల్-4 రెక్కల వైశాల్యం సుమారు 16.6 చదరపు మీటర్లు. జర్మన్ ఫైటర్ బీఎఫ్ 109 రెక్కల వైశాల్యం కూడా ఇంచుమించు అంతే. కాని మొదటిదాని పూర్తి బరువు 553 కిలోలు, రెండోదానిది మూడు వేల కిలోలకు పైమాటే. ఫైటర్ ఫైలును కాపీ చేసి అంకెలు తగ్గించినంత మాత్రాన చిన్న విమానం ఎందుకు తయారుకాదో ఈ ఒక్క పోలికే చెబుతుంది. గేమ్ ఇంజిన్‌లో లిఫ్టు (రెక్క పైకెత్తే బలం) పట్టికలు, నేల రాపిడి, కంప్యూటర్ పైలట్ కనీస వేగం తరచు ఫైటర్లను దృష్టిలో పెట్టుకొని రాసి ఉంటాయి. వాటిని గంటకు 40 కిలోమీటర్ల వరకు దించి సరిచూడండి. స్టార్క్ సుమారు 50 కిలోమీటర్ల వేగంతో కూడా గాలిలో నిలవగలిగేది కనుక, గట్టి ఎదురుగాలిలో అది నేల మీది గుర్తులతో పోలిస్తే దాదాపు కదలనట్లే కనిపించాలి. గాలి లేని గేమ్‌లో ఈ అందం రాదు. విమానం ఎగిరే తీరును లెక్కగట్టే, స్వేచ్ఛగా దొరికే జేఎస్‌బీసిమ్‌ సాఫ్ట్‌వేర్‌లో ముందుగా లెక్కలు సరిచూసుకొని, ఆ తరువాత మీ ఇంజిన్‌లోకి తెచ్చుకుంటే శ్రమ తగ్గుతుంది.

పరీక్షలకు వరంగల్ దగ్గరి నిజాం కాలపు మామునూరు విమానాశ్రయం చుట్టుపక్కల నేలను మ్యాపుగా చేసుకోండి. నేల ఎత్తుల సమాచారం ఎస్ఆర్‌టీఎం (అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల పటం) రూపంలో ఉచితంగా దొరుకుతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి సాంద్రత, సముద్ర మట్టపు ప్రామాణిక విలువ కన్నా సుమారు 12 శాతం తక్కువ; అంటే విమానానికి అది 1,300 మీటర్ల ఎత్తులో ఉన్నట్లే. 65 హార్స్‌పవర్ విమానం ఇద్దరితో లేచేటప్పుడు ఆ తేడా చేతికి తెలియాలి. ఉదయం ఆరు గంటలకు, మధ్యాహ్నం రెండు గంటలకు ఒకే దూరంలో లేస్తోందంటే ఉష్ణోగ్రత మీ లెక్కలోకి చేరలేదన్నమాట.

వెంటాడే ఫైటర్‌కు నేర్పవలసింది

60 డిగ్రీల వాలుతో తిరిగితే, గంటకు 110 కిలోమీటర్ల వేగంలో మలుపు వ్యాసార్ధం 55 మీటర్లు, 400 కిలోమీటర్ల వేగంలో 725 మీటర్లు. చిన్న విమానానికి ఉన్న రక్షణ ఇదే: చెట్ల ఎత్తుకు దిగి, ఫైటర్ దగ్గరికి వచ్చే క్షణంలో దానివైపే తిరగడం. అయితే అంత వాలులో ఎత్తు నిలుపుకొనే శక్తి 65 హార్స్‌పవర్‌కు ఉండదు. మలుపులో విమానం దిగాలి. కంప్యూటర్ నడిపే ఫైటర్ ఈ మలుపును అనుసరించబోయి నేలను ఢీకొంటుంటే, ఒక్కసారి కాల్చి పైకి పోయి దూరం నుంచి మళ్లీ రమ్మని దానికి నేర్పండి. గుడ్డ చుట్టిన రెక్కలోంచి తూటాలు చిన్న రంధ్రాలు చేసి దూసుకుపోవాలి. నష్టమంతా పైలట్, ట్యాంకు, ఇంజిను అనే మూడు చోట్లే లెక్కించాలి.

ఆయుధాల విషయంలో నిగ్రహం పాటించండి. ఎల్-4కు బజూకాలు (భుజం మీంచి కాల్చే రాకెట్ గొట్టాలు) కట్టి యుద్ధట్యాంకుల మీద కాల్చిన సందర్భాలు, 1945 ఏప్రిల్‌లో ఒక ఎల్-4 సిబ్బంది పిస్టళ్లతో స్టార్క్‌ను దింపిన సందర్భం నిజమే. వాటిని ప్రత్యేక మిషన్లుగా ఇవ్వండి. మామూలు ఆటలో బజూకా ఇస్తే పరిశీలన ఎవరూ చేయరు.

లైసాండర్ చేర్చేవారికి

1942 ఫిబ్రవరిలో మజుందార్ నాయకత్వంలో భారత వాయుసేన ఒకటో స్క్వాడ్రన్ బర్మాలోని టౌంగూ నుంచి నడిపిన విమానం లైసాండర్ కాబట్టి, మన ఆటగాళ్ల కోసం దాన్ని తప్పక చేర్చాలి. ఇది అంత తేలిక విమానం కాదు. దీని స్లాట్లు, ఫ్లాపులు వేగాన్నిబట్టి వాటంతటవే తెరుచుకుంటాయి, కాబట్టి ఫ్లాపు మీటను తీసేయండి. దిగడానికి తోకను బాగా ట్రిమ్ చేసి (ముక్కు పైకి ఉండేలా సర్ది) ఉంచి, మనసు మార్చుకొని ఒక్కసారిగా పూర్తి శక్తి ఇస్తే ముక్కు ఆపలేనంతగా పైకి లేచి విమానం కూలే ప్రమాదం ఉండేది. ఈ గుణాన్ని మెత్తబరచకుండా అలాగే ఉంచి, ట్రిమ్ చక్రానికి ప్రత్యేకంగా మీట కేటాయించండి. శిక్షణ మిషన్‌లో దిగే ప్రయత్నాన్ని మధ్యలో విరమించుకొని మళ్లీ లేవడాన్ని ఒక అభ్యాసంగా పెట్టండి. అందులో ముందు ట్రిమ్ సరిచేసి, తరువాత నెమ్మదిగా శక్తి పెంచిన ఆటగాడినే టౌంగూ మిషన్లకు పంపండి.