యుద్ధం ముగిసిన కాలంలో డిటెక్టివ్ నవల రాయడం ఎలా?

యుద్ధం ఆగిన తరువాతి సంవత్సరాల్లో నడిచే డిటెక్టివ్ నవలల రాతప్రతులు నా బల్ల మీదకు తరచూ వస్తుంటాయి, వాటిలో చాలామటుకు ఒకే చోట బోల్తాపడతాయి. యుద్ధం మొదటి అధ్యాయపు పొగమంచులో ఉంటుంది, కుంటుతూ నడిచే ఇన్‌స్పెక్టరు కాలిలో ఉంటుంది, అట్టమీది బొమ్మలో ఉంటుంది, హత్యలో మాత్రం ఉండదు. కథను ఎత్తి మరో నలభై ఏళ్ల అవతల దింపినా హంతకుడు అతడే, కారణమూ అదే. యుద్ధం జరగకపోతే ఈ హత్య జరిగేదే కాదు, జరిగినా దాని గుట్టు ఈ దారిన బయటపడేది కాదు అని రచయిత రుజువు చేయగలిగినప్పుడే ఆ నవలకు ఆ కాలం మీద హక్కు ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధం తరువాతి బ్రిటన్‌ను ఉదాహరణగా పెట్టుకుని ఆ పని ఎలా చేయాలో చెబుతాను.

సామగ్రి

మీరు ఎంచుకున్న సంవత్సరపు క్యాలెండరు, ఆ ప్రాంతపు పాత పటం, నాటి రైళ్ల వేళల పట్టిక, అప్పటి దినపత్రికల ప్రతులు, ఒక లావుపాటి నోటుపుస్తకం ఉంటే చాలు. యుద్ధ చరిత్రలు బల్లనిండా పేర్చుకున్నవారు చివరకు దళాల కదలికలను వర్ణిస్తూ కూర్చుంటారు. మీ కథకు పనికివచ్చేది ఏ దళం ఏ గుట్టను పట్టుకుందన్నది కాదు, 1920 చలికాలం వచ్చేదాకా పంచదార రేషన్‌లోనే ఉందన్న సంగతి.

సంవత్సరం

ఒక్క సంవత్సరాన్నే, వీలైతే అందులో ఒక్క ఋతువునే ఎంచుకోవాలి. అది యుద్ధం ఆగిన నాలుగేళ్లలోపుదై ఉండాలి. అంతకు మించితే జనం మరిచిపోవడం మొదలుపెడతారు, మీకు కావలసింది ఇంకా మరవలేని జనం. పక్కపక్క సంవత్సరాలే అయినా వాటి మధ్య తేడా చాలా ఉంటుంది. 1919 తొలి నెలల్లో ఇన్‌ఫ్లుయెంజా ఇంకా ప్రాణాలు తీస్తూనే ఉంది కనుక, విషం పెట్టినవాడు ఆ చావుల మధ్య ఇంకో చావును దాచగలడు, అలసిపోయిన వైద్యుడు పెద్దగా ప్రశ్నించకుండానే సంతకం పెట్టగలడు. అదే కథను 1921లో పెడితే ఆ వైద్యుడు మూర్ఖుడిలా కనిపిస్తాడు. 1919 నవంబరు 11, మంగళవారం ఉదయం పదకొండు గంటలకు దేశమంతా మొదటిసారి రెండు నిమిషాలు మౌనం పాటించింది; అందరూ తలలు వంచుకుని నిలబడిన ఆ రెండు నిమిషాల్లో ఎవరు ఎక్కడ ఉన్నారో సాక్ష్యం చెప్పగలవాళ్లు ఉండరు. ఇంతటి అవకాశాన్ని తేదీ చూసుకోని రచయిత చేజేతులా జారవిడుచుకుంటాడు.

1945 తరువాతి బెర్లిన్ మీద మోజుపడేవాళ్లు చాలామంది ఉన్నారు. నాలుగు దేశాల సైన్యాలు పంచుకున్న నగరం, 1948 జూన్‌లో పశ్చిమ మండలాల్లో కొత్త కరెన్సీ వచ్చేదాకా సిగరెట్లే డబ్బుగా చెలామణీ అయిన బజారు, నాజీలతో పాత సంబంధాలన్నీ రాసి ఇవ్వమని అమెరికన్లు జనం చేతిలో పెట్టిన 131 ప్రశ్నల పత్రం, ఇవన్నీ కథకు బంగారంలాంటివే. చిక్కేమిటంటే అక్కడ వాతావరణమే సగం పని చేసిపెడుతుంది కనుక రచయిత మిగిలిన సగం చేయడు. మొదటి నవలకు నిశ్శబ్దంగా ఉండే ఇంగ్లండు పల్లెటూరే మేలు. అక్కడ శిథిలాలు ఉండవు కాబట్టి యుద్ధం ఆ ఊరిని ఏం చేసిందో మీరే చూపించక తప్పదు.

శవం, అనుమానితులు, పరిశోధకుడు

ఇది తేలిక. ఒక శవం చాలు. రెండోది వచ్చిందంటే మొదటిదాని మీద రచయితకే నమ్మకం తగ్గిందని అర్థం. అనుమానితులు అయిదుగురు. నోటుపుస్తకంలో ఒక్కొక్కరికి ఒక పేజీ కేటాయించి, యుద్ధం జరిగిన నాలుగేళ్లూ ఎక్కడున్నారు, ఏం పోగొట్టుకున్నారు, ఏం సంపాదించారు, ఆ విషయంలో ఏ అబద్ధం చెబుతున్నారు అని రాసుకోవాలి. ఇంటికి తిరిగివచ్చిన తేదీ తప్పకుండా రాయాలి. యుద్ధం ఆగగానే, పని ఇస్తామని యజమాని హామీ ఇచ్చినవాళ్లను ముందుగా సైన్యం నుంచి వదిలిపెట్టే పద్ధతి పెట్టారు. ఏళ్లతరబడి పోరాడినవాళ్లు ఆగ్రహించి 1919 జనవరిలో నిరసనకు దిగాక దాన్ని మార్చారు. అందరికంటే ఆలస్యంగా చేరి అందరికంటే ముందు ఇల్లు చేరినవాడి చేతిలో ఎవరి ఉత్తరం ఉందన్నది మంచి ప్రశ్న.

పరిశోధకుడు సైనికుడై ఉండకూడదు. మాజీ సైనికుడైతే ప్రతి మూడో పేజీలో కందకాలను తలుచుకుంటాడు, కథ ముందుకు కదలదు. పింఛన్ల కార్యాలయపు గుమాస్తా, పోస్టుమిస్ట్రెస్, వయసు మీరి సైన్యంలోకి వెళ్లలేకపోయిన కానిస్టేబులు, వీళ్లు ఎంతో మేలు.

అసలు కష్టం: యుద్ధపు ఆనవాలును పాఠకుడి కళ్ల ముందే దాచడం

ఇక్కడ తొందరపడితే తక్కినదంతా వృథా. ఇప్పటిదాకా చెప్పింది ఒక రోజులో పూర్తి చేయవచ్చు, ఈ ఒక్క పనికి ఒక నెల పట్టినా ఎక్కువ కాదు.

ఎక్కువమంది ఏం చేస్తారంటే, ఇరవయ్యో అధ్యాయంలో అటకమీది ట్రంకుపెట్టె తెరిపిస్తారు. అందులో ఒక ఉత్తరమో డైరీయో ఉంటుంది, ఫ్రాన్సులో ఒక రాత్రి ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెబుతుంది, ఇన్‌స్పెక్టరు తల పంకిస్తాడు. లేదా హంతకుడే ఒక అధ్యాయం నిండా గతాన్ని తలుచుకుంటాడు. ఈ రెండింటిలోనూ పాఠకుడు కనిపెట్టడానికి ఏమీ మిగలదు, రచయిత చెప్పాడు కనుక నమ్మాలి. డిటెక్టివ్ నవలకు ఇంతకు మించిన ద్రోహం లేదు. దీనికి తోడు, యుద్ధంలో మతి చలించిన సైనికుణ్ణే చివరికి హంతకుణ్ణి చేసే అలవాటొకటి ఉంది. అది ఆ మనుషులకు అన్యాయం, పైగా పాఠకుడు యాభయ్యో పేజీలోనే పసిగట్టేస్తాడు.

యుద్ధపు ఆనవాలు ఎప్పుడూ ఒక జ్ఞాపకంగా ఉండకూడదు, ఒక కార్యాలయపు అలవాటుగా ఉండాలి. సైన్యం మనుషులను కాగితం మీద ఎలా నడిపిందో, ఎవరికి ఏ ఫారం పంపిందో, ఎవరి మెడలో ఏ బిళ్ల వేలాడదీసిందో, అక్కడే వెతకాలి. జ్ఞాపకం అబద్ధమాడవచ్చు, పద్ధతికి మాత్రం ఎవరిమీదా అభిమానం ఉండదు. ఉదాహరణకు, 1916 చివరి నెలల నుంచి బ్రిటిష్ సైనికుడి మెడలో రెండు గుర్తింపు బిళ్లలు ఉండేవి: చనిపోతే ఎర్రని గుండ్రటిది తీసుకుని ఎనిమిది మూలల ఆకుపచ్చనిది శవంతోనే వదిలేయాలి. కాబట్టి తోటివాడి స్మృతిగా దాచుకున్నానంటూ ఎవరైనా ఎర్రబిళ్ల చూపితే అది మామూలు సంగతే, పచ్చబిళ్ల కూడా చూపితే ఎక్కడో ఒక సమాధి మీద పేరు లేకుండా పోయిందని అర్థం.

ఇప్పుడు ఆ పద్ధతిని కథలో ఎలా దాచాలో చూద్దాం. యుద్ధంలో అధికారి చనిపోతే ఆయన దగ్గరి బంధువుకు టెలిగ్రాం వెళ్లేది, మామూలు సైనికుడు చనిపోతే సాధారణంగా బి.104-82 అనే ఫారం టపాలో వెళ్లేది. మన కథలో ఎస్టేటు యజమాని కొడుకు, అధికారి, 1918లో యుద్ధంలో చనిపోయాడు. ఊరికి కొత్తగా వచ్చిన ఒక యువతి తాను ఒక కార్పొరల్ (అధికారి కాని కింది హోదా సైనికుడి) భార్యననీ, అతడూ యుద్ధంలోనే పోయాడనీ చెప్పుకుంటుంది. ఎస్టేటు వ్యవహారాలు చూసే వకీలు హత్యకు గురయ్యాడు. ఆమె నిజానికి ఆ కొడుకును రహస్యంగా పెళ్లాడిందన్నది మనం దాచవలసిన విషయం.

దీన్ని మూడు ముక్కలుగా విడగొట్టి మూడు గదుల్లో, ముగ్గురి నోట పెట్టాలి. మొదట పద్ధతి తెలియాలి. పోస్టుమిస్ట్రెస్ దాన్ని పాఠం చెప్పినట్టు చెబితే పాఠకుడు వెంటనే గీత గీసి పెట్టుకుంటాడు కాబట్టి, ఆమె వేరే బాధ చెప్పుకుంటున్నట్టు ఉండాలి: “పెద్దిళ్లకైతే టెలిగ్రాం ఇచ్చి కుర్రాణ్ణి సైకిలు మీద తరిమేదాన్ని, బాబూ. మిగతా ఇళ్లకు వెళ్లే గోధుమరంగు కవరు నా చేతులమీదుగానే సంచిలో పడేది. లోపల ఏముందో తెలిసీ కరెంటు బిల్లులాగా వేసేదాన్ని.” ఇలా రాసి చూడండి, ఆ ‘కరెంటు బిల్లు’ మీ కథను నిలువునా ముంచుతుంది, ఎందుకంటే ఆ పల్లెకు అప్పటికి కరెంటు వచ్చిందో లేదో మీరు చూసుకోలేదు. ‘మామూలు ఉత్తరంలాగా’ అని మార్చండి. పాఠకుడి దృష్టి ఆమె పశ్చాత్తాపం మీద నిలుస్తుంది, పద్ధతి మాత్రం చెవిలో పడిపోతుంది.

రెండో ముక్క కనీసం అరవై పేజీల తరువాత రావాలి. ఆ యువతి దుఃఖాన్ని గురించి మాట్లాడుతూ, సైకిలు గేటుకు ఆనించిన చప్పుడు వినగానే తనకు అర్థమైపోయిందని అంటుంది. అంతే. పరిశోధకుడు అక్కడ కనుబొమ్మ కూడా ఎత్తకూడదు, అధ్యాయం ఆ మాటతో ముగియకూడదు, ఆ తరువాత ఆమె టీ పోసే సంగతో, పక్కింటి కుక్క సంగతో రావాలి. ఆనవాలు చివరి వాక్యంలో పెట్టడం చేతికందేలా తాళంచెవి వదిలేయడమే.

మూడోది దీనికి తిరగేసినది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఎస్టేటు ముసలాయన కొడుకు మరణవార్త రెజిమెంటు కల్నల్ రాసిన ఉత్తరం వల్లే తనకు తెలిసిందని గొణుగుతాడు; చనిపోయినవారి కుటుంబాలకు ప్రభుత్వం పంపిన కంచు ఫలకం ఊళ్లో ప్రతి ఇంటి గూటిమీదా ఉంది, తనకు ఇంకా రాలేదని విసుక్కుంటాడు. టెలిగ్రాం రావలసిన ఇంటికి రాలేదు, రాకూడని ఇంటికి వచ్చింది. కారణం ఒక్కటే: కాగితం మీద దగ్గరి బంధువు తండ్రి కాదు, ఆమె. ఎవరూ అబద్ధమాడనక్కరలేదు, ట్రంకుపెట్టె తెరవనక్కరలేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు మరవకూడదు. ఆ ఫలకం మీద పేరు మాత్రమే ఉంటుంది, హోదా ఉండదు. త్యాగంలో హెచ్చుతగ్గులు లేవని చూపడానికే అలా చేశారు. దానితోపాటు ఇచ్చిన స్మారక పత్రం మీద మాత్రం హోదా ఉంటుంది. కాబట్టి ఫలకం చూసి అధికారి అని తేల్చే ఇన్‌స్పెక్టరును సృష్టించకండి. రెండోది, ఆసుపత్రిలో ప్రాణాపాయంలో ఉన్న మామూలు సైనికుడి ఇంటికి కూడా టెలిగ్రాం వెళ్లిన సందర్భాలు ఉన్నాయి. చదివినవాళ్లలో ఒక్కరికైనా అది తెలిసి ఉంటుంది. కార్పొరల్ యుద్ధభూమిలో ఆ క్షణంలోనే చనిపోయాడని ఆమె చేత ముందే అనిపించి ఆ కిటికీ మూసేయాలి. ఏ పద్ధతికైనా మినహాయింపు ఉంటుంది, దాన్ని మీరే ముందు కనిపెట్టాలి.

పోలీసులు, ప్రయోగశాల

వేలిముద్రలు వాడవచ్చు, స్కాట్లండ్ యార్డులో ఆ శాఖ 1901 నుంచీ ఉంది. మరక మనిషి రక్తమా జంతువుదా అని తేల్చే పరీక్ష కూడా అప్పటికి ఉంది. రెండు తూటాలను సూక్ష్మదర్శినిలో పక్కపక్కన పెట్టి పోల్చడం మాత్రం 1920ల మధ్యకు గాని రాలేదు, లండను పోలీసుల ప్రయోగశాల 1935లో వెలిసింది. తుపాకికి పోలీసుల సర్టిఫికెట్ 1920 చట్టంతో తప్పనిసరి అయింది కనుక, అంతకు ముందు అధికారి ఇంటి సొరుగులో రివాల్వరు కనబడితే ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడకూడదు. జ్యూరీలో స్త్రీలను కూర్చోబెట్టాలంటే కథను 1920 వేసవికి జరపాలి. పెద్ద కేసైతే స్థానిక పోలీసు అధిపతి యార్డును పిలుస్తాడు, ఆలస్యంగా పిలిస్తే కథకు ఇంకా మంచిది.

రాయడం, దిద్దడం

చిట్టచివరి అధ్యాయం ముందు రాయాలి, తరువాత మొదటిది, ఆ తరువాత వరుసగా. రెండో యుద్ధం రాబోతోందని ఏ పాత్రకూ అనుమానం రాకూడదు. అటువంటి చమత్కారపు మాటలన్నీ కొట్టేయండి. ప్రతి పది పేజీలకొకసారి క్యాలెండరు, రైళ్ల పట్టిక సరిచూసుకోవాలి.

ప్రతి సిద్ధమయ్యాక, డిటెక్టివ్ నవలలు విడవకుండా చదివే ఒకరికి ఇచ్చి, ఎవరిమీద అనుమానం కలిగిందో ఏ పేజీలో కలిగిందో అంచున పెన్సిలుతో రాయమనండి. సైకిలు చప్పుడు పేజీ దగ్గర గీత పడి ఉంటే పోస్టాఫీసు సన్నివేశాన్ని ఇంకా వెనక్కి నెట్టాలి. కథంతా చదివాక కూడా ఆ పేజీ ఏదో ఆయనకు గుర్తుకు రాకపోతే, పోస్టుమిస్ట్రెస్ నోట ఇంకొక్క వాక్యం పెట్టాలి.