మట్టిదారి బండికి వెనక ఫుట్‌రెస్టులు బిగించాలంటే

పాడేరు చుట్టుపక్కల కొండదారుల్లో నాతో తిరిగే కుర్రాళ్లు హీరో కంపెనీ మట్టిదారి బైకు ఎక్స్‌పల్స్ 200 కొనగానే వెనక ఫుట్‌రెస్టులు విప్పేస్తారు. రాళ్ల మధ్య బండి ఇరుక్కుని కాళ్లతో నెట్టేటప్పుడు అవి పిక్కలకు కొట్టుకుంటాయి కాబట్టి విప్పడాన్ని తప్పుపట్టను. కానీ సంతరోజు అదే బండి మీద అమ్మనో చెల్లెలినో ఎక్కించుకుని, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో వాళ్లకే వదిలేయడం నేను చూసి ఊరుకోలేను. గుంతలో బండి ఎగిరినప్పుడు ముందున్నవాడికి హ్యాండిల్ ఉంటుంది. వెనకవాళ్లకు ఆధారం పాదాలే.

ముందుగా బండి సంగతి చూడండి. వెనక సీటు, పట్టుకునే కడ్డీ, ఫుట్‌రెస్టు బిగించే చోటు కంపెనీయే ఇచ్చిన బండి అయితే పని సులువు. రేసు కోసం చేసిన ఒంటి సీటు బండ్లలో వెనక ఫ్రేము మడ్‌గార్డును మోయడానికే తప్ప మనిషి బరువుకు కాదు. వాటి జోలికి వెళ్లవద్దు. వెనకవాళ్లకు ఫుట్‌రెస్టులు చట్టం ప్రకారం కూడా తప్పనిసరి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 123వ నియమం ప్రకారం వెనకవాళ్లకు చేతిపట్టు, ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలి. చీరగార్డు కూడా విప్పేసి ఉంటే ఫుట్‌రెస్టులతో పాటు దాన్నీ తిరిగి పెట్టండి.

సామాన్లలో బ్రాకెట్లు, పెగ్గులు (పాదం పెట్టే కడ్డీలు), వాటిని బ్రాకెట్‌కు పట్టి ఉంచే పిన్నులు, వాషర్లు, ఆ పిన్నులు జారకుండా చివర వంచే స్ప్లిట్ పిన్నులు చూసుకోండి. కొన్ని బండ్లలో పెగ్గు కింద చిన్న స్ప్రింగు, ఉక్కు గోళీ ఉంటాయి. పిన్ను లాగగానే జారి పోతాయి కాబట్టి కింద గుడ్డ పరచుకోండి. స్ప్లిట్ పిన్ను ఒకసారి వంచి విప్పితే మళ్లీ వాడకూడదు. కొత్తది చాలా చవక.

బోల్టుల విషయంలో మాత్రం చవక చూడవద్దు. తల మీద 8.8 అని (అది బలాన్ని చెప్పే గుర్తు) అచ్చు ఉన్నవి తీసుకోండి. తళతళలాడే స్టెయిన్‌లెస్ బోల్టులు చూడటానికి బాగుంటాయి కానీ దుకాణాల్లో మామూలుగా దొరికే రకం బలంలో 8.8 కన్నా తక్కువ. ఫ్రేములో బోల్టు ఎక్కే రంధ్రాల మరలను వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, ఎండిన మట్టి, పాత గ్రీజు తుడిచేయండి. బోల్టులన్నీ మొదట చేత్తోనే తిప్పండి. చేత్తో సాఫీగా ఎక్కని బోల్టును స్పానర్‌తో బలవంతం చేస్తే మర పోతుంది. అన్నీ కూర్చున్నాక ఒక్కోదాన్నీ విప్పి, మర మీద నీలం లాక్‌టైట్ (అదురుకు బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వేసి, ఎంత బిగుతో కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో బిగించండి. ఎంత బిగించాలో మీ బండి మాన్యువల్లో ఉన్న అంకెనే పాటించండి. 8 మిల్లీమీటర్ల 8.8 బోల్టుకు మామూలుగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు సరిపోతుంది.

పెగ్గు పైకి, వెనక్కి మడవాలి. ముందు నుంచి రాయి తగిలితే మడిచిపోవాలే కానీ బ్రాకెట్‌ను విరవకూడదు. ఎడమది కుడివైపు పెడితే ఇక్కడే తెలిసిపోతుంది.

కంపెనీ బ్రాకెట్ దొరకక వెల్డింగ్ షాపులో చేయించే వాళ్లకు రెండు మాటలు. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ మీద పెగ్గు పెట్టించవద్దు. చక్రంతో పాటు అది పైకీ కిందికీ ఆడుతుంది, వెనకవాళ్ల మోకాళ్లు ప్రతి గతుకుకూ ఎగిరిపడతాయి. అలాగే ఫ్రేములోని బోలు గొట్టానికి రంధ్రం వేసి బోల్టు దూర్చవద్దు. బిగించే కొద్దీ గొట్టం నొక్కుకుపోతుంది. గొట్టాన్ని చుట్టి పట్టే మందపాటి క్లాంపు చేయించినా, దాని మీద మనిషి పూర్తి బరువు వేసి పరీక్షించాకే నమ్మండి.

ఎక్స్‌పల్స్ 200 వెనక సస్పెన్షన్ 170 మిల్లీమీటర్ల దాకా కదులుతుంది. అందుకే బండి నిలిపి ఉన్నప్పుడు కనిపించే సందును చూసి తృప్తి పడకూడదు. ఇద్దరు బరువైనవాళ్లు సీటు మీద కూర్చుని గట్టిగా కిందికి నొక్కుతుండగా మీరు పక్కన వంగి చూడండి. బ్రాకెట్ గానీ బోల్టు చివర గానీ చైనుకు, స్వింగార్మ్‌కు, బ్రేకు గొట్టానికి దగ్గరగా రాకూడదు. కుడివైపు సైలెన్సర్ పైకెత్తి ఉంటుంది. అటు పాదం పెట్టినప్పుడు మడమ, చీర అంచు దానికి తగలకుండా దాని వేడిని అడ్డుకునే హీట్ షీల్డు గట్టిగా ఉందో లేదో చూడండి.

తర్వాత ఎవరిని ఎక్కించుకుంటారో వాళ్లనే కూర్చోబెట్టి చూడండి. మా అమ్మను కూర్చోబెట్టి చూస్తాను. మోకాలు నడుము కన్నా బాగా పైకి వస్తే మనిషి వెనక్కి జారుతుంది, గతుకు వచ్చినప్పుడు పాదాల మీద బరువు వేసి లేవలేదు. పెగ్గుల మీద ఆమె కొద్దిగా లేచి నిలబడగలిగితే ఎత్తు సరిపోయినట్టు. మట్టిదారిలో ఒకవైపు కూర్చోనివ్వను. అలా కూర్చుంటే రెండు పాదాల బరువూ ఎడమవైపే పడుతుంది, బండి అటే లాగుతుంది. చీర మీద రెండు వైపులా కాళ్లు వేయడానికి అమ్మ మొదట ఇబ్బంది పడింది. ఇప్పుడు లోపల లెగ్గింగ్ వేసుకుని వస్తుంది.

ఇద్దరు ఎక్కితే వెనక ఎక్కువ కిందికి దిగుతుంది కాబట్టి మోనోషాక్ (వెనక ఉండే ఒంటి షాక్ అబ్జార్బర్) ప్రీలోడు, అంటే దాని స్ప్రింగు ముందస్తు బిగుతు, ఒకటి రెండు మెట్లు పెంచండి. హెడ్‌లైటు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంటే కాస్త దించండి. మొదటి ప్రయాణం అయ్యాక బండి చల్లారనిచ్చి అన్ని బోల్టులూ టార్క్ రెంచ్‌తో మరోసారి చూడండి. ఏదైనా తిరిగితే దాన్ని విప్పి, మరను శుభ్రం చేసి, లాక్‌టైట్ మళ్లీ వేసి బిగించండి.