ఊరి మధ్యలో సామాన్యులకు ఇళ్లు రావాలంటే ఏం చేయాలి?

ముందు ఊరి నడిబొడ్డున ఓ గంట నడవండి. ఖాళీ స్థలాలు, మూతపడ్డ గోదాములు, పై అంతస్తులు బూజు పట్టిపోయిన దుకాణాలు ఎక్కడున్నాయో రాసుకోండి. అక్కడ నీళ్లు, డ్రైనేజీ, బస్సు ఇప్పటికే ఉన్నాయి. అదే ఊరి బయట లేఔట్ వేస్తే అన్నీ కొత్తగా లాగాలి, ఆ ఖర్చు చివరికి అందరి నెత్తినా పడుతుంది.

తర్వాత బిల్డింగ్ రూల్స్ తెచ్చుకుని ఓపిగ్గా చదవండి, చాలాసార్లు అసలు చిక్కు అక్కడే ఉంటుంది. పార్కింగే చూడండి, కొత్త భవనంలో కార్లకు కనీసం ఇంత చోటు వదలాల్సిందేనని రూల్ ఉంటుంది: ఒక కారు నిలపడానికి, తిప్పుకోవడానికి కలిపి సుమారు 25-30 చదరపు మీటర్లు కావాలి, అంటే ఒక చిన్న ఇల్లంత చోటు! కారు లేనివాళ్లు కూడా దాని ఖర్చు అద్దెలో కడుతున్నారు, ఇది నిజంగా అన్యాయం. అమెరికాలోని బఫెలో నగరం 2017లో కనీస పార్కింగ్ నిబంధన ఎత్తేసింది. మీ కౌన్సిలర్‌ని కూడా అదే అడగండి.

ఇళ్లు కట్టగానే చవకైపోవు. ప్రభుత్వ స్థలమైతే అమ్మకుండా లీజుకివ్వమని, అద్దె ఎంత దాటకూడదో ఒప్పందంలోనే రాయమని పట్టుబట్టండి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో దాదాపు సగం మంది మున్సిపల్ ఇళ్లలోనో, సబ్సిడీ ఇళ్లలోనో ఉంటున్నారు.

పాత భవనం గట్టిగా ఉంటే పడగొట్టనివ్వకండి, బాగుచేసుకుంటే బోలెడంత సిమెంటు, ఇనుము మిగులుతాయి. కొత్తదైతే ప్రతి ఇంటికీ గాలి ఆడేలా ఎదురెదురు గోడలకు కిటికీలు ఉన్నాయో లేదో ప్లాన్‌లోనే చూడండి.

ఇలాంటి ఇళ్ల మీద అభ్యంతరాలు వినే మీటింగ్‌కి మీరొక్కరే వెళ్లకండి. ఆ చుట్టుపక్కల పనిచేస్తూ రోజూ దూరం నుంచి వచ్చే నర్సునో, సేల్స్‌మన్‌నో వెంట తీసుకెళ్లి, వాళ్లతోనే మాట్లాడించండి.