పక్క కోర్టు కోచ్‌ను చూసి నేర్చుకోవడం ఎలా?

పేరున్న అకాడమీకి వెళ్లి, గ్యాలరీలో కూర్చుని, ఫోన్‌లో నాలుగు డ్రిల్స్ వీడియో తీసుకొచ్చినంత మాత్రాన మన పిల్లల ఆట మారదు. ఆ డ్రిల్ ఏ పిల్లవాడి కోసం పెట్టారో, ఏ తప్పు దిద్దడానికి పెట్టారో వీడియోలో ఉండదు. తెచ్చుకోవాల్సింది అదే. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు షటిల్ నేర్పే కోచ్‌లకు, స్కూల్లో పీఈటీగా ఉంటూ సాయంత్రం బ్యాచ్ నడిపేవాళ్లకు ఈ పద్ధతి పనికొస్తుంది.

1. ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్లండి

"ఇంకా బాగా నేర్పడమెలా?" అనుకుంటూ వెళ్తే అన్నీ చూసి ఏదీ పట్టుకోకుండా తిరిగొస్తారు. "మా పిల్లలు వెనక మూల నుంచి కొట్టాక బేస్‌కి (కోర్టు మధ్యలో నిలబడే చోటికి) ఎందుకు ఆలస్యంగా వస్తున్నారు?" అనుకుంటే కళ్లకు పని దొరుకుతుంది. వెళ్లేముందు మీ కోర్టులోనే లెక్క తీయండి. ఒక్కో పిల్లవాడికి 20 కాక్‌లు వేసి, తర్వాతి కాక్ వేసేలోపు బేస్‌కి చేరింది ఎన్నిసార్లో రాసుకోండి. రెండు వారాల తర్వాత ఈ అంకెతో అవసరం పడుతుంది.

2. మీలాంటి కోచ్‌ను ఎంచుకోండి

అంతర్జాతీయ ఆటగాళ్ల ప్రాక్టీస్ చూడ్డానికి కన్నులపండుగే. కానీ మీ దగ్గరున్నది రెండు కోర్టులు, పదహారు మంది పిల్లలు. అదే వయసు పిల్లలను, అన్నే కోర్టుల మీద, ఒంటిచేత్తో నడిపే కోచ్ దగ్గర ఎక్కువ దొరుకుతుంది.

ఇంకొకరి దగ్గరికి వెళ్తే చిన్నతనమని కొందరు మొహమాటపడతారు. పుల్లెల గోపీచంద్ హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర ఆట నేర్చుకుని, ఆపైన ప్రకాశ్ పదుకొణె, గంగూలీ ప్రసాద్‌ల శిక్షణలోనూ ఉండి, 2001లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచారు. 2019లో బాసెల్‌లో ఆయన శిష్యురాలు పి.వి. సింధు ప్రపంచ చాంపియన్ అయ్యే నాటికి ఆమెతో కొరియా కోచ్ కిమ్ జి హ్యూన్ కూడా పనిచేస్తున్నారు. అంత పెద్ద గూటిలోనే ఇంకో కోచ్‌కు చోటుంటే మనకు నామోషీ ఎందుకు?

ముందురోజే ఫోన్ చేసి, "సార్, రేపు సాయంత్రం మీ అండర్-13 బ్యాచ్ చూడొచ్చా? వీడియో తీయను" అని అడగండి. పరాయి పిల్లలను వాళ్ల తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫోన్‌లో తీయకూడదు. పైగా వీడియో తీసేవాడు సగం చూడడు.

3. బంతాట చూసినట్టు చూడకండి, లెక్కపెట్టండి

బ్యాచ్ మొదలవడానికి 20 నిమిషాల ముందే వెళ్లండి. కాక్‌ల బుట్ట ఎక్కడ పెట్టారు, కోర్టు ఎలా విభజించారు అన్నది అప్పుడే కనిపిస్తుంది. తర్వాత పది నిమిషాలు ఒకే పిల్లవాడిని, పది నిమిషాలు కోచ్‌ను, పది నిమిషాలు వంతు కోసం నిలబడ్డ పిల్లల లైనును మాత్రమే చూడండి.

లైను చూడటం విసుగే. అయినా అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. కోర్టుకు 8 మంది, ఒక్కొక్కరికి 10 కాక్‌లు, రెండు సెకన్లకొకటి వేస్తున్నారనుకుందాం. ఆడటానికి 20 సెకన్లు, మారడానికి 10. అంటే ఒక పిల్లవాడి వంతు నాలుగు నిమిషాలకోసారి వస్తుంది. గంటలో 15 వంతులు, 150 షాట్లు. చేతిలో రాకెట్ ఆడేది 5 నిమిషాలు, మిగతా 55 నిమిషాలు లైన్లో కబుర్లు.

అనుభవమున్న కోచ్ ఏం చేస్తారంటే, కోర్టును నిలువునా రెండు సగాలు చేసి సగానికి నలుగురిని పెడతారు. ఒకరు ఆడతారు, ఒకరు కాక్ వేస్తారు, ఒకరు ఏరతారు, ఒకరు పక్కన షాడో ఫుట్‌వర్క్ (కాక్ లేకుండా అడుగుల సాధన) చేస్తారు. వంతు రెండు నిమిషాలకే తిరిగి వస్తుంది, గంటకు 300 షాట్లు పడతాయి.

ఇది చూసి మర్నాడే మీ దగ్గర పెడితే మూడు చోట్ల దెబ్బతింటుంది. చిన్న పిల్లలు చేత్తో కాక్ వేయగలిగేది నెట్ దగ్గరి షాట్లకే; వెనక మూలకు రాకెట్‌తో వేయాలి, దానికి మీరో ఒక సీనియరో ఉండాలి. సగం కోర్టు వెడల్పు మూడు మీటర్లే కాబట్టి ఎడమచేతివాటం పిల్లవాడిని ఎడమ సగంలో, కుడిచేతివాడిని కుడి సగంలో ఉంచకపోతే మధ్యలో రాకెట్లు తగులుకుంటాయి. ఏరేవాడు బద్ధకిస్తే కింద పడిన కాక్ మీద కాలేసి చీలమండ మడతపడుతుంది.

కోచ్‌ను చూసేటప్పుడు ఆయన తప్పు దిద్దిన ప్రతిసారీ ఒక గీత గీయండి. మంచి కోచ్‌లు దిద్దకుండా వదిలేసే తప్పులే ఎక్కువ. అవి ఏవో పట్టుకోండి.

4. "ఎలా" కాదు, "ఎందుకు" అడగండి

బ్యాచ్ అయ్యాక, తల్లిదండ్రులు వెళ్లిపోయాక రెండు ప్రశ్నలు చాలు. "సార్, ఆ పాపకు గ్రిప్ తప్పినా ఎందుకు వదిలేశారు?" అన్నది ఒకటి. "ఈ డ్రిల్ ఎవరికి పనిచేయలేదు?" అన్నది రెండోది. రెండోదానికి వచ్చే జవాబు చాలాసార్లు మొదటిదానికన్నా విలువైనది. పిల్లల ముందు అడగొద్దు, "మా దగ్గర ఇలా కాదండీ" అని మొదలుపెట్టొద్దు.

5. ఆ రాత్రే మూడు లైన్లు

చూసింది, దాని వెనక కారణం, మన దగ్గర మార్చాల్సింది. అంతే.

మూడో లైనే కష్టం. ఉదాహరణకు, సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న హైదరాబాద్‌లో, మే నెల ఎండల్లో ఫెదర్ కాక్ ఎక్కువ దూరం పోతుంది. అక్కడ చూసిన క్లియర్ (కాక్‌ను ఎత్తుగా అవతలి వెనక గీత దాకా కొట్టే షాట్) డ్రిల్‌ను, వాళ్లు వాడే నంబరు (కాక్ వేగాన్ని చెప్పే అంకె) కాక్‌తోనే సముద్రతీరంలోని ఊళ్లో చలికాలంలో పెడితే పిల్లల షాట్లు చిన్నవిగా పడతాయి. తప్పు భుజానిదని మీరు దిద్దడం మొదలుపెడతారు. ముందు కాక్‌ను పరీక్షించండి. పెద్దవాళ్లు వెనక గీత మీది నుంచి కింది చేత్తో పూర్తి బలంతో, పక్క గీతకు సమాంతరంగా పైకి కొడితే, అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. అది సరైన వేగం.

6. ఒక్క మార్పు, నలుగురు పిల్లలు, రెండు వారాలు

బ్యాచ్ మొత్తాన్నీ ఒకేసారి మార్చొద్దు. మొదట లెక్క తీసిన పిల్లల్లో నలుగురితో చేయించి, రెండు వారాల తర్వాత మళ్లీ 20 కాక్‌లు వేసి పాత అంకెతో పోల్చండి. పెద్దవాళ్ల దగ్గర చూసిన జంపింగ్ డ్రిల్స్ పిల్లలకు అంటగట్టకండి. ఎదిగే వయసులో మడమ వెనక, లేదా మోకాలి చిప్ప కింద నొప్పి అంటే గెంతులు ఆపించి డాక్టర్‌కు చూపించమనండి. "నెప్పి పడితేనే ఆట వస్తుంది" అని తోసేయకండి.

7. ఇప్పుడు ఆయన్ను మీ కోర్టుకు పిలవండి

పిలిచే ముందు ఒక చిన్న పని. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి జేబులో వేసుకుని పది నిమిషాలు కోచింగ్ చేయండి. తర్వాత వింటే "కాళ్లు, కాళ్లు, రాకెట్ పైకి, చూడు, త్వరగా..." అని ఒకే షాట్‌కు అయిదు మాటలు వినిపించే అవకాశం ఎక్కువ. పిల్లవాడు అయిదింటిలో ఒకటి కూడా అందుకోలేడు. వచ్చిన కోచ్‌కు కూడా ఒకే పని అప్పగించండి: "సార్, నేను ఎవరిని అసలు పలకరించలేదో రాసిపెట్టండి." ఆ పేర్లు సాధారణంగా లైను చివర నిలబడేవాళ్లవే.

కబడ్డీ కోచ్‌నూ వదలొద్దు. 30 సెకన్ల కూతలో ఒళ్లు వంచి, ముందుకూ వెనక్కూ క్షణంలో తిరిగే కాళ్లు షటిల్‌కూ కావాలి. ఇక రాకపోకలు మొదలయ్యాక ఒక కట్టుబాటు మాత్రం పాటించండి: ఆయన శిష్యుడు మీ బ్యాచ్‌లో చేరతానని వస్తే, చేర్చుకునే ముందు ఆయనకే ఫోన్ చేయండి.