బోస్టన్ క్యాన్సర్ ల్యాబులకు కొత్తగా వచ్చే యువ వైద్యులకు

ఎంబీబీఎస్ పూర్తిచేసి, మైక్రోబయాలజీ, అనాటమీ వంటి విభాగాల్లో కొంతకాలం ట్యూటరుగా పాఠాలు చెప్పి, క్యాన్సర్ పరిశోధన కోసం బోస్టన్‌కు వచ్చే మన పిల్లలను తరచుగా చూస్తున్నాను. ఇల్లు, బ్యాంకు ఖాతా, చలికోటు సంగతులు చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది ఫ్లాస్కులో పెరిగే కణాల గురించి.

మొన్న ఒక తమ్ముడు పక్క ల్యాబువారు ఇచ్చిన రొమ్ము క్యాన్సర్ కణాలను వచ్చిన రోజే ప్రయోగానికి సిద్ధం చేస్తున్నాడు. ఫ్లాస్కు మీద కణాల పేరు తప్ప తేదీ లేదు, పాసేజ్ నంబరు (కణాలను ఎన్నిసార్లు కొత్త ఫ్లాస్కులోకి మార్చారో చెప్పే అంకె) లేదు. అడిగితే, "బాగానే పెరుగుతున్నాయి కదన్నా" అన్నాడు. బాగా పెరగడం ఏ పరీక్షకూ సమాధానం కాదు. నా మొదటి శీతాకాలమంతా అలాంటి కణాలతోనే గడిచింది. వేరొక ల్యాబు నుంచి వచ్చిన ఆ కణాలకు మైకోప్లాస్మా అనే అతి చిన్న బాక్టీరియా పట్టిందని వసంతంలో తేలాక, గీసిన గ్రాఫులన్నీ పక్కన పెట్టవలసి వచ్చింది.

మామూలు బాక్టీరియా పడితే మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) మసకబారి పసుపు రంగుకు తిరుగుతుంది. మైకోప్లాస్మా పడితే మీడియం తేటగానే ఉంటుంది, కాని లోపల కణాల జీవక్రియ మారిపోతుంది. పెన్సిలిన్ దెబ్బతీసే కణకవచం దానికి లేదు కనుక ఆ మందు పనిచేయదని రెండో సంవత్సరం విద్యార్థులకు బోర్డు మీద రాసి చెప్పేవారే, ఇక్కడ మీడియంలో పెన్సిలిన్ కలిపి నిశ్చింతగా ఉంటే ఎలా?

ఫ్లాస్కు మీద రాసిన పేరు కణాలు నిజంగా అవేనా అన్నది మరో ప్రశ్న. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే రోగి కణితి నుంచి తీసిన హీలా కణాలు, వేరే అవయవాలవిగా చెలామణి అవుతున్న పలు కల్చర్లలోకి (ల్యాబులో పెంచే కణాల్లోకి) చొరబడ్డాయని 1966లో జన్యుశాస్త్రవేత్త స్టాన్లీ గార్ట్‌లర్ చూపించారు. అందువల్ల కణాలు ఎవరిచ్చినా ముందు విడిగా ఉంచండి. మైకోప్లాస్మాకు పీసీఆర్ (దాని డీఎన్‌ఏను పట్టే పరీక్ష), గుర్తింపుకు ఎస్‌టీఆర్ (కణాల డీఎన్‌ఏ వేలిముద్ర వంటిది) పరీక్ష చేయించండి. ఫలితాలు వచ్చేదాకా ప్రయోగం మొదలుపెట్టకండి. ప్రొఫెసరు తొందరపెడితే ఆ మాటే చెప్పండి, తప్పు పట్టరు. మామూలు మార్కరు రాత ఆల్కహాలుతో తుడిస్తే పోతుంది కనుక ఫ్రీజరులో పెట్టే ప్రతి ట్యూబుకూ చలిని తట్టుకునే లేబులు అంటించి, అదే వివరం నోటుబుక్కులో సిరాతో రాయండి.

భీమవరంలో పుట్టిన వైద్య పరిశోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు కూడా మద్రాసులో అనాటమీ పాఠాలు చెప్పి ఈ ఊరికే వచ్చారు. 1925లో సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించినది ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి; ముందు కొలత, మందు సంగతి తర్వాత. లెడర్లే అనే మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మందుతో పిల్లల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) తాత్కాలికంగా తగ్గిందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించినది 1948లో.

ఇంత కఠినంగా చెప్పాను కాబట్టి ఇదీ చెప్పాలి. ద్రవాలను కొలిచి తీసే పైపెట్టు చేతికి అలవడడానికి కొన్ని నెలలు పడుతుంది, తప్పక అలవడుతుంది. వేసవిలో కాలేజీ విద్యార్థులను మీకు అప్పగించినప్పుడు, పాఠం చెప్పిన అనుభవం మిమ్మల్ని ఆదుకుంటుంది. ల్యాబ్ మీటింగులో మీ మాట వినడం మొదలయ్యేది చాలావరకు అప్పుడే.